జింకు రేకు మీద సముద్రం

నల్లగొండ, పానగల్ రోడ్డులో ఉంటున్న అండాలు అనే నేను, కీర్తిశేషులు జానయ్య భార్యను, వయస్సు డెబ్బయి, ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి తెలివితో రాస్తున్న వీలునామా ఇది. బీపీ గోలీ వేసుకుంటాను. జ్ఞాపకం బాగానే ఉంది; కొన్ని విషయాల్లో అవసరానికి మించి ఉంది.

1. ఇల్లు, దాని ముందున్న దుకాణం జాగా నా కొడుకు నరేశ్‌కు, బిడ్డ కరుణకు చెరి సగం. చెల్లెలికి వాటా ఎందుకని నరేశ్ రెండుసార్లు అడిగాడు. మూడోసారికి నేను ఉండను కనుక జవాబు ఇక్కడే రాస్తున్నాను: అది నా స్వార్జితం, నా ఇష్టం.

2. నల్ల గొంగడి పక్కింటి గుర్వమ్మకు. ఆమెకు చలి ఎక్కువ, నోరు తెరిచి అడగడం తక్కువ.

3. గోడకున్న సముద్రతీర పట్టణం ఎచింగ్, అంటే రేకు మీద గీసి అచ్చు తీసిన బొమ్మ, ఫ్రేముతో సహా, చిత్రకారుడు రఘుపతి కూతురు ప్రణీతకు. కారణం రాయాలి, ఎందుకంటే పోయిన ఏడాది ఆ పిల్లకు అబద్ధం చెప్పాను.

నా భర్త పత్రికల్లో బొమ్మలు, పేర్లు అచ్చు వేసే జింకు బ్లాకులు చేసేవాడు. యాసిడ్ పొగకు ఆయన ఊపిరితిత్తులు చెడిపోయాక, రేకులను యాసిడ్ తొట్టిలో ముంచి తీసే పని నాదైంది. 1987లో ఆయన స్నేహితుడు, డ్రాయింగ్ సారు రఘుపతి, భీమిలి చూసివచ్చి ఆ ఊరిని జింకు రేకు మీద సూదితో గీశాడు. ఇళ్ళు ఒకదానిమీద ఒకటి ఒరిగి ఉంటాయి. మనుషులకు ముఖాలు లేవు. సముద్రమంతా సన్నని గీతలే. యాసిడ్ గీతను ఎంత లోతుగా తింటే అంత సిరా నిలుస్తుంది. ఊరి భాగం అయ్యాక యాసిడ్ ఇక తగలకుండా దానికి లక్క పూసి, సముద్రాన్ని తొట్టిలో ఇంకో పది నిమిషాలు ఉంచమని చెప్పి రఘుపతి బడికి పోయాడు.

అప్పుడే నా భర్త రక్తం కక్కుకొని పడిపోయాడు. గుర్వమ్మా నేనూ రిక్షాలో దవాఖానకు చేర్చాం. ఆయన బతికాడు. నేను తిరిగి వచ్చేసరికి గంటన్నర దాటింది. రఘుపతి రేకు పట్టుకొని నిలబడి ఉన్నాడు. "ఆర్నెల్ల పని ఖరాబ్ జేసినవ్ వదినా" అన్నాడు. ఎక్కడికి పోయానని అడగలేదు. నేను చెప్పలేదు.

అయినా అచ్చు తీశాడు. సముద్రం తారులా నల్లగా పడింది. ఆ చిత్రానికి హైదరాబాదులో బహుమతి వచ్చింది. ఒక ప్రతి తెచ్చిచ్చి, "సముద్రం నువ్వే జేసినవ్ వదినా. గని ఎవలకు జెప్పకు" అన్నాడు. చెప్పలేదు.

రఘుపతి చనిపోయాక, ప్రణీత తండ్రి బొమ్మల మీద పుస్తకం రాస్తూ నా దగ్గరికి వచ్చింది. "పెద్దమ్మా, గీ నలుపు నాయిన ఎట్ల తెచ్చిండు?" అని అడిగింది. తెలియదన్నాను. అది ఆయన సాహసమని పుస్తకంలో రాసింది. చదివి పక్కన పెట్టాను.

నిజం ఇది. ఆ నలుపు రఘుపతి అనుకున్నది కాదు. నేను చేసిందీ కాదు. ఆ గంటన్నర దవాఖాన బెంచీ మీద కూర్చున్నాను, రేకు గుర్తుకు కూడా రాలేదు. ఈ సంగతి ప్రణీత అచ్చు వేయించుకున్నా, దాచుకున్నా నాకు అభ్యంతరం లేదు. చిత్రాన్ని కొనడానికి నరేశ్ తెచ్చిన మనిషిని మళ్ళీ ఇంటికి రానివ్వకూడదు.

4. కరుణ ఒకసారి నన్ను భీమిలి తీసుకుపోయింది. సముద్రం బూడిద రంగులో ఉంది. అరగంట చూశాను. నేను చాలనేదాకా కరుణ లేవలేదు. నా బంగారు గుండ్ల దండ కరుణకు.

5. వీటిని అమలు చేయవలసినవారు రిటైర్డ్ హెడ్మాస్టర్ నాగేందర్ గారు. మూడో అంశం అందరి ముందు, గొంతు తగ్గించకుండా చదవాలి.

నా వేలిముద్రలు అరిగిపోయాయి. రేషన్ దుకాణం మిషన్ వాటిని ఒప్పుకోదు. కనుక సంతకం చేస్తున్నాను. అక్షరాలు జానయ్య నేర్పాడు. అక్షరాలు తిరగబడి ఉండే బ్లాకులు చూసి నేర్చుకోవడంతో మొదట్లో నా పేరు తిరగేసి రాసేదాన్ని. ఆయన నవ్వకుండా అద్దం తెచ్చి చదివేవాడు.

నల్లగొండ, 9 ఆగస్టు 2023
(సంతకం) అండాలు

సాక్షులు:
1. ఇస్రాయేలు, దర్జీ
2. అంజయ్య, కిరాణా వ్యాపారి