ఎనిమిదో గ్లాసు

అభయారణ్యం వార్డెన్ గారికి,

గేటు పుస్తకంలో ఎనిమిది మందిమీ బయటికొచ్చామని సంతకం పెట్టింది నేనే. అది తప్పు. మాకు రెండు జీపులు. మాలో ఒకడైన వఫూలా అవతలి జీపులో ఉన్నాడని ఎవరికి వాళ్లం అనుకున్నాం. గేటు బయట టీ కొట్లో ఎనిమిదో గ్లాసు మిగిలిపోయాక గాని తెలియలేదు.

నీటిగుర్రాల మడుగు దగ్గర మేకమాంసం కాల్చుకున్నాం. "నిప్పు ఆర్పకపోతే వార్డెన్ తోలు తీస్తాడ్రా, మీరెక్కండి" అంటూ వఫూలా నీళ్లకు వెళ్లాడు. ముందుగా "పోనియ్" అన్నది కూడా నేనే.

మళ్లీ గేటు తెరవమంటే మీ కాపలాదారు నవ్వుతున్నాడు: "పుస్తకంలో ఎనిమిదుంది తమ్ముడూ. లోపల సింహాలు తప్ప ఎవరూ లేరు."

పొద్దు వాలిపోతోంది. నా ఎనిమిది కొట్టేసి ఏడు వేయండి. ఈ చీటీ తెచ్చినవాడితోనే మడుగు దగ్గరికి జీపు పంపండి. ఎనిమిది అంకె వఫూలాయే వచ్చి వేయాలి.