నా కారుకి నేనే మెకానిక్

జూలై 3, శనివారం

నిర్ణయం జరిగిపోయింది. ఇకనుంచి మా తెల్లకారు మీద నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడదు!

దీనికంతటికీ కారణం మా బావ ఎగ్బర్ట్. నా భార్య హయసింత్‌కి అన్న. మా ఊరు మాండెవిల్‌లో సగం కార్లు అతని షెడ్డులోనే బాగవుతాయి. మే నెల వానలకి రోడ్లన్నీ గుంతలు పడి, మా కారు ముందు చక్రాల దగ్గర డబడబా చప్పుడు. బ్రేకు తొక్కితే కీచుమని ఏడుపు. పొద్దున తీసుకెళ్లి చూపించాను. ఎగ్బర్ట్ కిందికి ఒక్కసారి తొంగిచూసి, షాక్ అబ్జార్బర్లు పోయాయి, బ్రేక్ ప్యాడ్లు పోయాయి అంటూ ఒక అంకె చెప్పాడు. నా కళ్లు తిరిగాయి.

"సొంత చెల్లెలి మొగుణ్ణని కూడా చూడవా?" అన్నాను.

"నట్లకీ బోల్టులకీ చుట్టరికాలు తెలీవు బావా. ఎక్కువనిపిస్తే నువ్వే విప్పుకో. నీ పోస్టాఫీసు ఉద్యోగంలో స్టాంపులు అతికించినంత తేలిక."

షెడ్డులో వాళ్లందరూ నవ్వారు. నవ్వనీ.

విషయం హయసింత్‌కి చెప్పాను.

"ఏమయ్యా లాసెల్స్, అవి బ్రేకులు, బ్రేకులు! నువ్వు బిగించిన కర్టెన్ రాడ్డు ఇప్పటికి రెండుసార్లు నా నెత్తిన పడింది."

పాత గొడవలు తవ్వడం ఆమెకి అలవాటు.

అన్నట్టు ఈ నెల 31న ఎగ్బర్ట్ కూతురు కెరీన్ పెళ్లి. తను నర్సు. చదువుకునే రోజుల్లో ప్రతి ఆదివారం సాయంత్రం కింగ్‌స్టన్ హాస్టల్‌కి ఈ కారులోనే దింపేవాణ్ణి. దారంతా పాఠాలు అప్పజెప్పేది. మనిషి ఒంట్లో ఎముకల పేర్లు నాకూ వచ్చేశాయి. "మామయ్యా, చర్చికి నీ కారులోనే వెళ్తాను. ఇంకే కారూ ఎక్కను" అని ఎప్పుడో మాట తీసుకుంది. అంటే ఆ రోజు వెనక సీట్లో పెళ్లికూతురి పక్కన ఎగ్బర్ట్ కూర్చుంటాడు. నా బ్రేకులు వెన్నలా పడతాయి. అతను నోరు మూసుకుంటాడు. అదీ నా లక్ష్యం.

జూలై 4, ఆదివారం

చర్చి నుంచి రాగానే ఫోనులో నాలుగు వీడియోలు చూశాను. నాలుగింటిలోనూ మనిషి పావుగంటలో పని ముగించి చేతులు దులుపుకున్నాడు. చొక్కా మీద మరక కూడా లేదు.

ఇంత చిన్న పనికా ఇన్నేళ్లు ఇంత పోశాం!

కొన్నవి: స్పానర్ల సెట్టు, రెండు జాకీలు, చేతి తొడుగులు, నీలం రంగు మెకానిక్ డ్రెస్సు. డ్రెస్సు నాకు బాగా నప్పింది. అద్దం ముందు కాసేపు నిలబడ్డాను. హయసింత్ చూసి ఏమీ అనకుండా వెళ్లిపోయింది. మెచ్చుకోలు అనుకుంటాను.

జూలై 10, శనివారం

పొద్దున్నే మొదలు. కారు లేచింది. చక్రం ఊడింది. ఆహా!

తర్వాతి నట్టు కదల్లేదు.

మధ్యాహ్నానికి కదిలినవి: జాకీ, నా నడుం, ఎదురింటి కుక్క. నట్టు మాత్రం అక్కడే ఉంది.

చివరికి స్పానర్ మీదికెక్కి రెండు కాళ్లతో నిలబడి ఊగాను. కిర్రుమని తిరిగింది! ఆనందం పట్టలేక గట్టిగా అరిచాను. పక్కింటి మిస్ ఐవీ వరండాలో నుంచి లేచి నిలబడింది. ఎనభై దాటిన మనిషి; చెవులు మాత్రం ఇరవై ఏళ్లవి.

"ఎవరైనా పోయారా బాబూ?"

"లేదు మిస్ ఐవీ. నట్టు వచ్చింది."

"దేవుడి దయ," అని మళ్లీ కూర్చుంది.

జూలై 11, ఆదివారం

షాక్ అబ్జార్బర్ చుట్టూ ఉండే స్ప్రింగుని బిగించి పట్టే పనిముట్టు ఒకటి ఉంటుందట. ఆ సంగతి వీడియోలో చివర చెప్పాడు. నేను చివరిదాకా చూడలేదు.

స్ప్రింగు తుపాకీ గుండులా నా చెవి పక్కనుంచి దూసుకుపోయి మిస్ ఐవీ కంచెలో పడింది. ఓ జానెడు ఇటు ఉంటే ఈ డైరీ ఇక్కడితో సరి. చాలాసేపు గడ్డిలో కూర్చుండిపోయాను.

"ఈ ఇనప చుట్ట నా కంచె మీద ఎందుకుంది?" అని మిస్ ఐవీ.

"ఆరబెట్టానండీ."

హయసింత్‌కి చెప్పలేదు. ఆ పనిముట్టు రేపే అద్దెకి తెస్తాను.

జూలై 17, శనివారం

అయిపోయింది!! రెండు వైపులా కొత్త షాక్ అబ్జార్బర్లు! మార్కెట్ దాకా నడిపాను. డబడబ లేదు. గుంతలో దిగి లేస్తే ఉయ్యాలే!

కారు కొంచెం ఎడమకి వాలినట్టుంది. మా వాకిలే ఎగుడుదిగుడు. రోడ్డు మీద కూడా వాలే ఉంది. మాండెవిల్ మొత్తం కొండ మీద కట్టిన ఊరు, ఏం చేస్తాం.

జూలై 24, శనివారం

బ్రేకుల రోజు.

ప్యాడ్లని పట్టి నొక్కే ఇనప దిమ్మ ఉంటుంది. క్యాలిపర్. కుడిదీ ఎడమదీ రెండూ విప్పేసి, హయసింత్ గిన్నెలు కడిగే బేసిన్‌లో సబ్బుతో తోమి, ఎండలో పక్కపక్కనే పెట్టాను. కవల పిల్లల్లా ముద్దొచ్చాయి. (బేసిన్ గురించి తర్వాత చాలా మాటలు పడ్డాను. రాయను.)

తిరిగి బిగించాక, గొట్టాల్లో దూరిన గాలి తీయాలి. దానికి ఇద్దరు కావాలి. ఒకరు లోపల కూర్చుని బ్రేకు తొక్కాలి, ఇంకొకరు కింద క్యాలిపర్ మీదుండే చిన్న మూత తిప్పి గాలి వదలాలి. హయసింత్ పిండి చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది.

"తొక్కు!"

"తొక్కాను."

"వదలకు!"

"వదల్లేదు."

"ఇప్పుడు వదులు!"

"దేన్ని? నిన్నా, బ్రేకునా?"

నాకు నవ్వొచ్చి బ్రేక్ ఆయిల్ ముఖం మీద పడింది. పైన ఆమె కూడా నవ్వుతోంది, సీటు ఊగుతోంది. మేమిద్దరం ఒక మధ్యాహ్నం మొత్తం ఒకే పని మీద ఉండి ఎన్నాళ్లయిందో!

ఆయిల్ డబ్బా ఖాళీ అయింది. పెడల్ మాత్రం ఇంకా మెత్తగానే దిగుతోంది, ముగ్గిన పనసతొన మీద కాలేసినట్టు.

"ఇలాగే ఉంటుందా?" అంది.

"కొత్త ప్యాడ్లు. సర్దుకోవాలి."

జూలై 27, మంగళవారం

ఇంకా సర్దుకోలేదు. ఈ వారం ఆఫీసుకి టాక్సీలోనే వెళ్తున్నాను. పెళ్లి ముందు కారు మురికి చేయడం ఎందుకని.

ఎగ్బర్ట్ ఫోను చేశాడు. "కారు ఎలా ఉంది బావా? కావాలంటే ఒకసారి వచ్చి చూస్తా. ఊరికే."

"ఫస్ట్ క్లాస్!" అన్నాను.

ఎందుకన్నానో!

జూలై 30, శుక్రవారం

హయసింత్ వెనక సీటుకి తెల్లగుడ్డ కుట్టి పరిచింది. ముందు తెల్ల రిబ్బను కట్టింది. కారు నిజంగా పెళ్లికి తయారైన మనిషిలా ఉంది. సాయంత్రం ఒక్కసారి మా వీధి వాలు దిగి వద్దామని బయల్దేరాను.

వాలు మధ్యలో బ్రేకు తొక్కాను. పెడల్ నేలకంటా దిగిపోయింది. మళ్లీ తొక్కాను. ఏమీ లేదు! కింద మలుపు, మలుపు దాటితే లోయ. రెండు చేతులతో హ్యాండ్ బ్రేకు లాగి, స్టీరింగు ఎడమకి తిప్పేశాను. కారు మిస్ ఐవీ కంది చేలో దూరి, మొక్కలు విరుచుకుంటూ వెళ్లి ఆగింది.

మిస్ ఐవీ చేతికర్రతో నెమ్మదిగా వచ్చింది. "కందులు కావాలంటే అడిగితే ఇవ్వనా బాబూ?" అంది. తర్వాత నా ముఖం చూసి, కిటికీలోంచి చెయ్యి పెట్టి నా భుజం పట్టుకుంది.

అద్దంలో వెనక సీటు కనిపించింది. తెల్లగుడ్డ ముడత కూడా పడలేదు. రేపు పొద్దున అక్కడ కెరీన్ ఉండేది.

వీధి కుర్రాళ్లతో కారుని మా వాకిట్లోకి తోయించాక హయసింత్‌కి అన్నీ చెప్పాను. స్ప్రింగు సంగతి కూడా. కోప్పడుతుందనుకున్నాను. ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది.

"అన్నయ్యకి నువ్వే చెప్పు. నేను పక్కనే ఉంటాను."

చెప్పాను.

"నీకు దెబ్బలేమైనా తగిలాయా?" అన్నాడు ఎగ్బర్ట్.

"లేదు."

"పొద్దున్నే వస్తాను."

నవ్వుతాడనుకున్నాను. నవ్వి ఉంటే తేలికగా ఉండేది.

జూలై 31, శనివారం

తెల్లారేసరికి ఎగ్బర్ట్ వచ్చాడు. కొత్త బూడిదరంగు సూటు, చేతిలో పనిముట్ల సంచి.

"ఆ సూటుతో కారు కిందికి దూరావంటే వదిన మనిద్దర్నీ చంపేస్తుంది," అంది హయసింత్.

అందుకని అతను లోపల కూర్చుని బ్రేకు తొక్కాడు, నేను కింద గాలి తీశాను. తొక్కాడు, తీశాను. ఒక డబ్బా ఆయిల్ అయిపోయింది. పెడల్ గట్టిపడదు. చెమటలు, అరుపులు. "మూత సరిగ్గా తిప్పుతున్నావా?" "నువ్వు సరిగ్గా తొక్కుతున్నావా?" అతను నిమిషానికోసారి గడియారం చూసుకుంటున్నాడు. కూతురి పెళ్లి కదా.

ఇంతలో వీధి చివర వాళ్లింటి నుంచి కెరీన్ నడుచుకుంటూ వచ్చింది. నైటీ, కాళ్లకి చెప్పులు, తలనిండా జుట్టు చుట్టుకునే కర్లర్లు.

"నాన్నా, పదింటికి నా పెళ్లి. గుర్తుందా?"

చక్రం పక్కన నా దగ్గర గొంతుకూర్చుని చూసింది.

"మామయ్యా, ఏం చేస్తున్నావు?"

"గాలి తీస్తున్నానమ్మా."

"గాలి పైకి కదా పోతుంది? సెలైన్ పెట్టేటప్పుడు బుడగ ఎప్పుడూ పైకే చేరుతుంది. మరి ఆ మూత కిందికుందేం?"

ఎగ్బర్ట్ దిగాడు. కొత్త ప్యాంటుతోనే మోకాళ్ల మీద కూలబడి చూశాడు. అటు వెళ్లి రెండో చక్రమూ చూశాడు.

"కుడి క్యాలిపర్ ఎడమకి, ఎడమది కుడికి బిగించావు బావా. మూతలు రెండూ తలకిందులు. ఇలా వచ్చే ఏడాది దాకా తీసినా గాలి రాదు." మళ్లీ తనే, "గంట నుంచి తొక్కుతున్నాను, ఒక్కసారి వంగి చూళ్లేదు. సూటు నలుగుతుందని," అన్నాడు.

కోటు విప్పి మామిడి కొమ్మకి తగిలించాడు. ఇద్దరం చెరో వైపు దూరి క్యాలిపర్లు అటుదిటు, ఇటుదటు మార్చాం. బ్రేకు తొక్కింది పెళ్లికూతురు. కర్లర్లతో, గాజుల చేతులు స్టీరింగు మీద. "తొక్కనా? వదలనా? నాన్నా, చెప్పు!" వీధంతా బయటికొచ్చి చూసింది. మిస్ ఐవీ కుర్చీ వేయించుకుంది.

ఆ తర్వాత వాలు మీద నేనూ ఎగ్బర్టూ మాత్రమే దిగాం. నడిపింది అతను. మధ్యలో తొక్కాడు. కారు ముక్కు కిందికి వంచి, అక్కడికక్కడే ఆగింది. మూడుసార్లు చూశాడు. తిరిగొచ్చేటప్పుడు గుంతలో పడి లేచింది.

"షాక్ అబ్జార్బర్లు ఎవరు వేశారు?"

"నేనే."

"బాగానే వేశావు," అన్నాడు. ఇంటి దాకా వచ్చాక, "ఎడమకి వాలింది," అన్నాడు.

చర్చికి అరగంట ఆలస్యం. దారిలో ఎన్నిసార్లు బ్రేకు వేశానో. ఒక్కసారీ కుదుపు లేదు. ఎగ్బర్ట్ గమనించనే లేదు. కూతురి చెయ్యి రెండు చేతుల మధ్య పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. కెరీన్ మెల్లగా, "మామయ్యా, ఎముకల పేర్లు గుర్తున్నాయా?" అంది. అరికాలి నుంచి మొదలుపెట్టాను. మోకాలి దాకా వచ్చి ఆగిపోయాను. మిగతావి తనే చెప్పుకుంది.

పెళ్లి ఫోటోలన్నింటిలో పెళ్లికూతురి తండ్రి ప్యాంటుకి మోకాళ్ల దగ్గర రెండు నల్లటి వలయాలు ఉంటాయి.

ఆగస్టు 2, సోమవారం. సెలవు.

మిస్ ఐవీ కంది మొక్కలు నిలబెట్టి కర్రలు కట్టి వచ్చాను. బతికేవి బతుకుతాయంది.

తిరిగొస్తూ విన్నాను. వెనక చక్రం. కుడివైపు. టక్... టక్... టక్.

వెనక బ్రేకులు వేరే రకమట. వీడియో చూశాను. ఈసారి చివరిదాకా.

కొత్త నిర్ణయం: శనివారం పొద్దున మొదలు. నేనే చేస్తాను. కాకపోతే ఈసారి పక్కన ఒక మనిషి ఉండాలి.

ఎగ్బర్ట్‌కి ఫోను చేశాను. షరతులు ముందే చెప్పాను. ఒకటి, వచ్చి కుర్చీలో కూర్చోవాలి. రెండు, స్పానర్ ముట్టుకోకూడదు. మూడు, నోరు విప్పకూడదు.

అతను బాగా ఆలోచించాడు.

"కూర్చుంటాను బావా. ముట్టుకోను. మూడోది మాత్రం నావల్ల కాదు."

వంటింట్లోంచి హయసింత్ కేక వేసింది: "అన్నయ్యా, భోజనానికి రా. కార్లో రాకు, నీదీ విప్పేస్తాడు. నడిచి రా!"