టీవీ చూసుకుంట తిన్న లడ్డు

పెద్దన్నకు, నీ చెల్లె అనంతమ్మ మేళ్లచెరువు నుంచి కాళ్లు మొక్కి చెప్పి రాయిస్తున్నది. నువ్వు, వదిన, పిల్లలు అందరు మంచిగున్నరనుకుంటున్న. నీ మోకాలి నొప్పి జర తగ్గిందా? దవాఖానల ఇచ్చిన గోళీలు నడుమల ఇడ్సిపెట్టకు. ఈడ మేమందరం బాగనే ఉన్నం. నా ఫికర్ పెట్టుకోకు. కోపం ఒక్కటే ఎక్కువైంది, దానికి ఏ దవాఖానల గోళీలు లేవు.

రాస్తున్నది మన లావణ్య, శంకర్ బిడ్డ. నేను ఎట్ల చెప్తే అట్ల రాయమన్న. "అవ్వా, గిది గూడ రాయాల్నా?" అని మాటమాటకు అడుగుతాంది. రాయవే అంటున్న. ఫోన్ల చెప్పొచ్చు గని నీకు చెవులు ఇనబడవు. ఇంకోటి, నేను ఫోన్ పట్టుకుంటే శంకర్ పక్కకొచ్చి నిలబడ్తడు. ఈ ముచ్చట వాని మీదనే, వాడు ఇంటే ఎట్ల? అందుకే కాయితం. మన నారాయణపేటకు సిమెంటు తీసుకపోయే లారీ డ్రైవర్ ఎరుకైనోడు, వాని చేతికిచ్చి పంపుతున్న. ఎవరితోనన్న నీ చెవు కాడ చదివించుకో, గని వాడకట్టంత ఇనేటట్లు చదవద్దని చెప్పు.

ముందుగాల నా సంగతి. మగ్గం అమ్మి, సిమెంటు ఫ్యాక్టరీ నౌకరికొచ్చిన నా కొడుకు శంకర్ ఎంబడి ఈడికొచ్చినంక ఒక్కనాడన్న మంచిగ నిద్రపోయిననా అంటే లేదు. మన ఇంట్ల మగ్గం సప్పుడు ఇనుకుంట పండుకునేదాన్ని. ఈడ లారీల సప్పుడు. దుమ్ము సంగతి అడగనే అడగకు. తెల్ల చీర ఆరేస్తే బూడిద రంగు, నల్ల చీర ఆరేస్తే గదే బూడిద రంగు. ఎండలు మనకాడి తీర్గనే ఉన్నయ్, గని ఈడ సున్నపురాయి తవ్వి తవ్వి నేల గూడ మండుతాంది. తిండి అంటే మూడు పూటల బువ్వనే. జొన్నరొట్టె చేసుకుంటుంటే పక్కింటామె వచ్చి "షుగరొచ్చిందా పెద్దమ్మా?" అని అడిగింది. లే బిడ్డా, ఆకలొచ్చింది అన్న. మన దిక్కు తెల్లజొన్నలు జర పంపు. వదిన దంచిన కారం గూడ పంపు. ఈడి కారం రంగే గని కారం కాదు.

అన్నం పెట్టేటోళ్లున్నరు, బట్టకు కొదవ లేదు, సుజాత మంచి కోడలే. మాట్లాడేటోళ్లే లేరు. పొద్దుమూకితే ఈ క్వార్టర్లల్ల అన్ని తలుపులు పడ్తయ్. లోపట టీవీ. ఆదివారమైతే ఇంక చెప్పకు, సినిమావాళ్ల అవార్డులు. నువ్వు చూసినవో లేదో, నేను చెప్త ఇను. పెద్ద దీపాల మందిరం కడ్తరు. ఒకడొచ్చి ఒకనికి బొమ్మ ఇస్తడు. తీసుకున్నోడు ఏడుస్తడు. అమ్మకు దండం, పెండ్లానికి దండం, ప్రొడ్యూసర్‌కు దండం, ఆఖరుకు వాని ఇంట్ల కుక్కకు దండం. మల్ల గాడే పోయి ఇంకొకనికి బొమ్మ ఇస్తడు. వాళ్లకు వాళ్లే ఇచ్చుకుంటరు, వాళ్లకు వాళ్లే సప్పట్లు కొట్టుకుంటరు. నడుమ ఒక పిల్ల, ఒక పిల్లగాడు వచ్చి ఇకిలిస్తరు, ఎందుకో వాళ్లకే తెల్వదు. పగటీలి మొదలైతే చీకటి పడ్డా ఒడ్వదు. బువ్వ తిన్న నోట్ల చేదొస్తది అన్నా. ఒకసారి ఆడ కూసున్నోళ్ల మొకాలు చూపెట్టిండ్రు. కోట్లేసుకొని కూసున్న పెద్ద పెద్దోళ్లు ఆవలిస్తున్నరు, ఒడిల ఫోన్ పెట్టుకొని చూసుకుంటున్నరు. బొమ్మలు తీసుకునేటోళ్లే చూస్తలేరు, మనోళ్లు కండ్లు ఇప్పుకొని చూస్తున్నరు!

ఇప్పుడు అసలు ముచ్చట. లావణ్యకు సంబంధం వచ్చింది. మిర్యాలగూడల లింగయ్య అని మనోళ్లే, ఎప్పుడో మగ్గం ఇడ్సిపెట్టి ఆడ కిరాణం పెట్టుకున్నరు. పిల్లగాడు నరేందర్ రైస్ మిల్లుల సూపర్‌వైజర్. వాళ్లొచ్చి పిల్లను చూసి పోయిండ్రు, నచ్చిందన్నరు. మొన్న ఆదివారం మేం వాళ్ల ఇల్లు చూడ పోయినం. నేను, శంకర్, సుజాత. మన తీరు నీకు చెప్పేదేముంది. ఇల్లు చూడ పోయిన్నాడు నీళ్లు తాగుతం, చాయ్ తాగుతం, కారప్పూస పెడితే తింటం. తీపి మాత్రం ముట్టం. రెండు దిక్కుల పెద్దోళ్లు కూసొని, అడిగేటియి అడిగి, చెప్పేటియి చెప్పి, సరే అనుకున్నంకనే నోరు తీపి. తీపి తిన్నమంటే పిల్లనిచ్చినట్లే, మల్ల ఎనకకు పోయేది లేదు.

పోంగనే లింగయ్య "రాండ్రి, రాండ్రి, సరింగ టైంకొచ్చిండ్రు, ఇప్పుడే మొదలైంది" అన్నడు. నాకు సమజ్ కాలే. చూస్తే టీవీ. గదే అవార్డులు. మమ్ములను సోఫాల వరసగ కూసోబెట్టిండు, సినిమా హాల్ల కూసున్నట్లు. ఎవరి మొకం ఎవరికీ కనబడదు. పిల్లగాడు నమస్తే పెట్టి మూలకు స్టూలు మీద కూసున్నడు. వాళ్లమ్మ వంటింటి దర్వాజల నిలబడి, డ్యాన్సొస్తే బయటికొస్తది, మాటలొస్తే లోపటికి పోతది.

నేను ఊకుంటనా? "ఏం బిడ్డా లింగయ్యా, మా పిల్ల నర్సు చదువుతాంది, పెండ్లైనంక నౌకరి చేయనిస్తరా?" అని అడిగిన.

"అడ్వటైజులు రానీ పెద్దమ్మా, మాట్లాడుకుందాం" అన్నడు.

అడ్వటైజులొచ్చినయ్. రిమోట్ తీసుకొని ఇంకో చానల్ల ఏమొస్తదో చూస్తున్నడు! మల్ల అడిగిన. మూలకున్న పిల్లగాడు "అదేందంటే అవ్వా..." అని నోరు తెరిచిండు. "ష్, ఇను ఇను" అని తండ్రి చెయ్యి అడ్డం పెట్టిండు. వాడు నోరు మూసుకున్నడు.

నేను లింగయ్యను తిన్నగ అడిగిన. "నాయినా, గిది చూస్తే నీకు నిజంగ మంచిగనిపిస్తదా?"

"ఏం మంచిగ పెద్దమ్మా, ఉత్త బోరు. హీరో అవార్డు ఆఖరుకిస్తరు."

"మరెందుకు చూస్తున్నవ్?"

"ఇంతసేపు చూసి ఇప్పుడు ఇడ్సిపెడ్తమా?"

ఇంటున్నవా అన్నా? పిల్లగాని తల్లిని అడిగిన, "మా ఇంటాయన పెడ్తడు, నేను చూస్త" అన్నది. మా సుజాతను చెవుల అడిగిన, "అత్తమ్మా, వాళ్లింట్ల బంద్ చేయమంటే బాగుండదు" అన్నది. అంత మందిల ఒక్కలకు గూడ నచ్చింది లేదు. లేచి బంద్ చేసేటోడు గూడ లేడు. పాసిపోయిన కూర అని తెలిసి గూడ గిన్నె అడుగు దాక తింటున్నట్లున్నది నా కంటికి.

గంతల పిల్లగాని తల్లి పళ్లెం తెచ్చి శంకర్ ముందర పెట్టింది. మురుకులు, పక్కన బూంది లడ్డులు. నేను సోఫాల ఈ కొసకు, వాడు ఆ కొసకు. వాని కండ్లు టీవీల, చెయ్యి పళ్లెంల. మురుకులు ఒక్కొక్కటి పోతున్నయ్. పోనీ అనుకున్న. మురుకులు ఒడ్సినయ్. చెయ్యి పక్కకు జరిగింది. "ఒరేయ్ శంకర్!" అని ఒర్లిన. ఏం ఇంటడు? టీవీల ఎవరికో బొమ్మిచ్చిండ్రు, జనమంత లేచి సప్పట్లు. లడ్డు సగం నోట్ల ఉంది!

అంతసేపు మా దిక్కు చూడని లింగయ్య, గిది మాత్రం ఠక్కున చూసిండు. లేచి వచ్చి శంకర్‌ను కావలిచ్చుకున్నడు. "బావా! తీపి తిన్నవు, ఇంక ఖాయమే!" మా వాడు నిండ నోరు పెట్టుకొని నవ్విండు. దేనికి నవ్వుతున్నడో వానికి ఎరుక లేదు.

నేను లేచిన. గోడకాడికి పోయి ప్లగ్గు గుంజి కింద పడేసిన.

"అయ్యో! ఇప్పుడే బెస్ట్ హీరో చెప్తుండె!" అని పిల్లగాని తల్లి. పిల్లనిచ్చుడు ఖాయమైందని ఆమెకు సంబురం లేదు, హీరో పేరు పోయిందని ఏడుపు. లింగయ్య మొకం నల్లగైంది. "మా ఇంటికొచ్చి మా టీవీ బంద్ చేస్తవా పెద్దమ్మా? సరే, పెద్దదానివి, నేనేమనను. లడ్డు తిన్నరు, మాట మీద ఉండుండ్రి" అన్నడు.

ఇంటికొచ్చినంక లొల్లి. "తిన్న గదా అమ్మా, ఇప్పుడు కాదంటే నలుగురిల నా ఇజ్జత్ ఏంగాను?" అని శంకర్. "నీ ఇజ్జత్ లడ్డుల ఉందారా?" అని నేను. గప్పటి నుంచి నాతోని మాట్లాడుత లేడు. బువ్వ తిని, ఫ్యాక్టరీకి పోయి, వచ్చి మల్ల గదే టీవీ.

అన్నా, నా వాదన ఇది. తీపి తింటే మాట ఇచ్చినట్లే, నేను కాదంటలే. మన నాయిన గూడ గట్లనే చేసిండు, నిన్ను నన్ను గట్లనే ఇచ్చి పుచ్చుకున్నరు. గని మన నాయిన ఎదుటోని మొకం చూసి, మాట్లాడి, తిన్నడు. శంకర్ ఎవని మొకం చూసి తిన్నడు? ఎవడో సినిమావాడు ఇంకో సినిమావానికి బొమ్మిస్తుంటే చూసుకుంట తిన్నడు. గది మాటెట్లైతది? మన కులపోళ్లల్ల నలుగురికి న్యాయం చెప్పినోనివి, నా కొడుక్కు మేనమామవు. నువ్వు చెప్పు, ఆ లడ్డు చెల్లుతదా చెల్లదా?

ఇంతవరకు చెప్పి ఆపిన. లావణ్య కలం కింద పెట్టింది. "ఏమైందే, చెయ్యి గుంజుతాందా?" అన్న.

"అందరు లడ్డు సంగతే మాట్లాడుతున్నరు అవ్వా. నన్ను ఎవరడిగిండ్రు?"

నిజమే. నేనూ అడగలే. "ఇప్పుడు అడుగుతున్న, చెప్పు. పిల్లగాడు నచ్చిండా?"

"నాకెట్ల తెలుస్తది? వాళ్లు నన్ను చూడొచ్చిన్నాడు నాయిన టీవీ పెట్టే ఉంచిండు. ఆయన గొంతే నేను ఇనలే. ఒక్కసారి కూసొని మాట్లాడితే చెప్త. నచ్చితే చేసుకుంట, నచ్చకుంటే చేసుకోను. లడ్డు తిన్నది నాయిన, నేను కాదు."

నా పుట్టుక పుట్టింది అన్నా ఇది. అన్ని దినాలు కిక్కురుమనని సుజాత వంటింట్లకెల్లి వచ్చి "అత్తమ్మా, ఫోన్ నేను కలుపుత, నువ్వే మాట్లాడు" అన్నది. శంకర్ డ్యూటీల ఉన్నడు. కలిపింది.

లింగయ్య ఎత్తిండు. నేను సీదా చెప్పిన. "బిడ్డా, ప్లగ్గు గుంజింది తప్పని నేననను. మీరు ఆదివారం మా ఇంటికి రాండ్రి. పిల్ల, పిల్లగాడు కూసొని మాట్లాడుకుంటరు. ఇద్దరు సరే అంటే నా చేత్తోని తీపి పెడ్త."

ఏమన్నడో తెలుసా? "ఆదివారం వద్దు పెద్దమ్మా. మొన్న హీరో పేరు చెప్పకుండనే సగంల ఆపిండ్రు. ఆదివారం రెండో భాగమొస్తది."

ఇంక సగముందట అన్నా! నాకు ఒళ్లు మండింది. "మీరు కూసొని చూడుండ్రి నాయినా, మిమ్ములను ఎవరు లేపుతరు. పిల్లగాన్ని ఒక్కన్ని పంపు" అన్న. ఆ దిక్కు ఏదో గుసగుస ఇనొచ్చింది. ఫోన్ చేతులు మారింది.

"అవ్వా, నేను నరేందర్‌ను. ఎన్నింటికి రమ్మంటరు?"

"గా రెండో భాగం ఎప్పుడు మొదలైతదో గప్పుడు రా."

నవ్విండేమో. "మంచిదవ్వా, వస్త. ఆనాడు ఆమె నౌకరి సంగతి అడిగిండ్రు, నన్ను చెప్పనియ్యలే. ఆమెకే చెప్త."

గంతే అన్నడు. లావణ్య "ఏమన్నడు, ఏమన్నడు?" అని నా కొంగు గుంజుతాంది. ఆదివారం ఆయననే అడుగు అన్న. ఒక్క ఫోన్‌కు మెత్తబడేదాన్ని కాదు నేను. ఫోన్ల మంచిగ మాట్లాడేటోళ్లను మస్తుమందిని చూసిన. తండ్రి ముందల నోరు మూసుకున్నోడు మా ఇంటికొచ్చి నోరు తెరుస్తడో లేదో చూడాలె.

అన్నా, నువ్వు శనివారానికల్లా రావాలె. గా లారీ డ్రైవర్ శనివారం ఎనకకొస్తడు, నిన్ను ముందల సీటుల కూసోబెట్టుకొని తెమ్మని చెప్పిన, కాలు సాపుకొని రావొచ్చు. జొన్నలు, కారం నీ ఎంబడే తే. నీకు ఒకటే పని. శంకర్ ఆనాడు ఇంట్లనే ఉంటడు. నువ్వు వాని పక్కన కూసొని చిన్నప్పటి ముచ్చట్లు చెప్పు, తిట్టు, కొట్టు, ఏమన్న చెయ్, టీవీ దిక్కు చూడనియ్యకు. నా మాట ఇనడు, మేనమామకు భయపడ్తడు.

వదినకు మొక్కిననని చెప్పు. మన వాడల పెద్దోళ్లందరికి నా దండాలు, పిల్లలకు ముద్దులు. నువ్వు ఇంటికి పెద్దవు, వచ్చేదాక ఆడికెల్లే లావణ్య నెత్తి మీద చెయ్యి పెట్టినట్లు దీవించు. ఆదివారం పండుగ వంటలేం చేస్తలేం. చాయ్ పెడ్తం, మురుకులు పెడ్తం. సుజాత తీపి చేసేటందుకు చక్కెర తెప్పిస్తనన్నది, వద్దన్న. బయటి అరుగు మీద వాళ్లిద్దరు మాట్లాడుకొని, లావణ్య లోపటికొచ్చి నాకు తన నోటితోని చెప్పినంకనే, శంకర్‌నే దుకాణానికి పంపి తెప్పిస్త.

చెప్పింది నీ తోడబుట్టిన అనంతమ్మ
రాసింది నీ మనుమరాలు లావణ్య, అవ్వ చెప్పింది ఒక్క ముక్క గూడ ఇడ్సిపెట్టకుండ