ముందు తలది, తర్వాత చేతిది

ఫిబ్రవరి 3, సోమవారం

పొద్దున నాన్న ఎడమ చేతికి తెఫిలిన్ కట్టుకున్నాడు. నాలుగు నెలల తర్వాత.

టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి చూశాను. లేఖన వాక్యాలున్న నల్ల పెట్టె కండ మీద పెట్టి, తోలు పట్టీ లాగి బిగించి, మోచేతి కింద ఏడు చుట్లు. ఆ చుట్ల కిందే ఫిస్టులా. డయాలసిస్ సూదులు గుచ్చేది అక్కడే. తర్వాత రెండో పెట్టె, నుదుటి పైన. కళ్ళు మూసుకున్నాడు. నన్ను చూడలేదు. లేక చూడనట్టు ఉన్నాడు.

అంతా అయ్యాక అడిగాను. ఆ చేతికి ఏమీ కట్టొద్దన్నారు కదా నాన్నా అని.

"పుండు మానిందాకా వద్దన్నారు మాస్టారు. మానిందిగా."

నిజమే. ఆపరేషనప్పుడు, మాకు యూదు ప్రార్థనలు నేర్పిన దానియేలు మాస్టారు అన్నది అదే. చేతికి గాయముంటే తలది ఒక్కటే చాలు, మానేదాకా. కుట్లు విప్పి చాలా రోజులైంది. మచ్చ నున్నగా ఉంది.

మాస్టారు చెప్పింది గాయం గురించి. జగ్గయ్యపేట డయాలసిస్ సెంటర్లో నర్సు రమ్య చెప్పింది గాయం గురించి కాదు.

ఫిబ్రవరి 4, మంగళవారం

వంటింట్లో ఒకే మేకుకి రెండు కాగితాలు.

ఒకటి రమ్య ఇచ్చింది. ఫిస్టులా ఉన్న చేత్తో బరువు ఎత్తకూడదు, ఆ చెయ్యి కింద పెట్టుకుని పడుకోకూడదు, బీపీ చూడనివ్వకూడదు, వాచీ, గాజు, తాడు ఏదీ కట్టకూడదు. రోజూ వేళ్ళు పెట్టి చూడాలి. జుమ్మని కదలాలి. కదలకపోతే వెంటనే ఫోన్.

రెండోది నేనే రాసింది. ఇంటర్‌లో ఉన్నప్పుడు, మాస్టారు చెబుతుంటే, నాన్నకి చదివి పెట్టడానికి. తెఫిలిన్ ఎప్పుడు తీయాలి. ఆఖరి ప్రార్థన అయ్యేదాకా తీయకూడదు. భారం దించుకున్నట్టు తీయకూడదు. నిలబడి తీయాలి. ముందు తలది, తర్వాత చేతిది. తలది ఎడమ చేత్తో తీయాలి, తొందర లేదని తెలిసేలా. నిద్ర వస్తే వెంటనే తీసేయాలి.

అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. అప్పుడు బాగా రాసేదాన్ని.

ఇవాళ నలభై మూడు నిమిషాలు ఉంచుకున్నాడు. పట్టీ కింద నా వేలు దూరలేదు. తీశాక ఏడు గీతలు, ఎర్రగా. వేళ్ళు పెట్టి చూశాను. ఉంది. జుమ్మంటోంది.

ఫిబ్రవరి 5, బుధవారం

డయాలసిస్. రమ్య చెయ్యి తిప్పి చూసింది. "ఏంటి తాతా ఈ గీతలు?"

"చొక్కా చెయ్యి మడతపెట్టానమ్మా."

నేను గోడ మీద టీవీ చూస్తున్నాను. టీవీ ఆన్‌లో లేదు.

ఫిబ్రవరి 6

ఆపరేషన్‌కి ముందు విజయవాడలో డాక్టరు అడిగాడు — ఏ చేత్తో తింటారు, ఏ చేత్తో పని చేస్తారు? నేనే చెప్పాను, కుడిచెయ్యండీ అని. "అయితే ఎడమకి పెడదాం. పని తక్కువున్న చెయ్యి."

ఇరవై ఏళ్ళ కింద మాస్టారు అడిగిందీ అదే. కుడిచెయ్యి వాటమైతే ఎడమకి కట్టాలి. బలం తక్కువున్న చేతికి.

ఇద్దరూ ఒకే ప్రశ్న అడిగారు. నేను ఒకే జవాబు చెప్పాను. నాన్న పక్కనే కూర్చుని ఉన్నాడు, ఏమీ అనలేదు. అది తెఫిలిన్ కట్టే చెయ్యని నాకైనా గుర్తు రావద్దా.

ఫిబ్రవరి 7, శుక్రవారం

మాస్టారికి ఫోన్ చేశాను. ఆయనుండే నందిగామలో ఏదో ఊరేగింపు, ఒకటే డప్పులు. గట్టిగా అరుస్తూ మాట్లాడాల్సి వచ్చింది.

"పుండు మానిందా లేదా అమ్మాయ్?"

"మానిందండీ, కానీ..."

"మానితే ఇంకేంది? కట్టుకోమను."

పెట్టేశాక తెలిసింది, అడగడం తప్పుగా అడిగానని. మళ్ళీ చేయలేదు. ఎలా చెప్పాలో తెలిస్తే కదా.

ఫిబ్రవరి 8, శనివారం

విశ్రాంతి దినం. ఇవాళ కట్టడు. చెయ్యి బాగుంది. అన్నం తినబుద్ధయింది నాకు.

ఫిబ్రవరి 10, సోమవారం

సోమవారం ప్రార్థన పొడుగు. డయాలసిస్ కూడా సోమవారమే. మా ఆయన ఆటో తీసి హారన్ కొడుతున్నాడు, నాన్న ఇంకా గోడవైపు తిరిగి ఊగుతూనే ఉన్నాడు.

దారిలో అడిగాను. ష్మా, ఆ 'ఇశ్రాయేలూ వినుము', చెప్పాక తీసేయొచ్చు కదా, అంతవరకు చాలంటారు కదా అని.

నాన్న పొలాల వంక చూశాడు. మిరప కోతలు నడుస్తున్నాయి.

"ఇరవై ఏళ్ళు కట్టా అమ్మాయ్. ఒక్కరోజన్నా ఆఖరుదాకా ఉంచుకున్నానా? కూలోళ్ళ ఆటో వచ్చి హారన్ కొట్టేది. సగంలో ఊడపీకి సంచిలో పడేసి పరిగెత్తేవాణ్ణి. ఎవడు తీయమన్నాడు నన్ను? హారన్. ఇప్పుడు పన్లేదు, ఏం లేదు. ఇప్పుడన్నా ఉంచుకోనీ."

ముందు సీట్లోంచి ఆయన నవ్వాడు. "అంటే మామా, ఇందాక నేను కొట్టిన హారన్ లెక్కలోకి రాదా?"

"నీది ఆసుపత్రి హారన్‌లే. ఆగుద్ది."

నాన్న కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఫిబ్రవరి 12, బుధవారం

తిరునాళ్ళ జనం. రోడ్డు మీద ఆటో కదల్లేదు. గంటన్నర ఆలస్యంగా సూది పెట్టారు.

ఎదురింటి మరియమ్మ పిన్ని వాకిట్లో పట్టుకుంది. "మీ నాన్న రోజూ తలకి బాసికం కడతాడేందే? పెళ్ళికూతురెవరో మాకు చెప్పరా?"

ఆ చేతి పట్టీ గురించి మాత్రం ఎవరూ అడగరు. తలది కనపడుతుంది. చేతిది చొక్కా కింద.

ఫిబ్రవరి 14

జుమ్మనడం తగ్గిందా? నా వేళ్ళకే మొద్దుబారిందా? చెవి పెట్టి విన్నాను. ఉంది. నిన్నటంత ఉందో లేదో.

నవంబరులో మెడలో పెట్టిన డయాలసిస్ గొట్టానికి చీము పట్టి వారం రోజులు నాన్నకి ఒళ్ళు తెలియలేదు. మళ్ళీ మెడకి పెట్టాల్సి వస్తే తట్టుకోలేడన్నాడు డాక్టరు. ఇక ఈ చెయ్యే. ఇంకో దారి లేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

రాత్రి రాస్తున్నాను.

ప్రార్థన మధ్యలో నాన్న గోడకి జారాడు. కళ్ళు పైకి. నేను గిన్నె పడేసి పరిగెత్తి పట్టీ లాగేశాను. ఏడు చుట్లూ ఎలా విప్పానో తెలియదు. కాళ్ళు ఎత్తి పీట మీద పెట్టాను. నీళ్ళు చల్లాను. ఎంతసేపో... బీపీ పడిపోయింది, అంతే, డయాలసిస్ వాళ్ళకి మామూలేనని తర్వాత ఫోన్లో చెప్పారు.

కళ్ళు తెరిచి ముందు నుదురు తడుముకున్నాడు. పెట్టె జారి కనుబొమ్మ మీద ఉంది.

"ఇది ఇంకా ఉందేంది?"

చేతి వంక చూసుకున్నాడు.

"చేతిది తీసి తలది ఉంచావా?"

"నాన్నా, నువ్వు పడిపోయావు..."

"ముందు తలది, తర్వాత చేతిది. నీ చేత్తో రాసిన కాగితమే కదమ్మా."

తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఫిబ్రవరి 17, సోమవారం

మిషను మూడుసార్లు అరిచింది. రమ్య సూది సర్దింది, మళ్ళీ సర్దింది. "ఫ్లో రావట్లేదు తాతా. ఏమన్నా బిగించి కడుతున్నావా ఈ చేతికి?"

"లేదమ్మా."

రమ్య నా వైపు చూసింది.

"లేదండీ" అన్నాను.

స్కాన్ రాశారు.

ఫిబ్రవరి 18, మంగళవారం

విజయవాడ. నరం ఒకచోట సన్నబడిందన్నాడు డాక్టరు. దేనివల్లండీ అని అడిగాను. "దానంతటదే కూడా రావచ్చమ్మా. బెలూన్‌తో వెడల్పు చేసి చూద్దాం, వచ్చే నెల నాలుగున రండి. అప్పటిదాకా మూసుకుపోకుండా చూసుకోండి. మూసుకుపోతే మెడకి గొట్టం వేసి, కుడిచేతికి కొత్తది పెట్టాలి."

దానంతటదే కూడా. ఆ 'కూడా' పట్టుకుని కంచికచర్ల దాకా వచ్చాను బస్సులో.

కంచికచర్ల దాటాక నాన్న అన్నాడు, కిటికీలోంచి చూస్తూ. "కుడిచేతికి పెడితే ఎడమ చెయ్యి ఖాళీ అవుద్దిగా."

నేను నాన్న ముఖం చూశాను. ఊరికే అన్నట్టే ఉన్నాడు. ఊరికే అన్నాడా?

మెడ గొట్టం మాట ఆయనకి వినపడలేదా?

ఫిబ్రవరి 20, గురువారం

మా అంగన్‌వాడీ టీచర్ల మీటింగు నందిగామలో. అది అయ్యాక మాస్టారింటికి వెళ్ళాను. ఈసారి ఏమీ అడగలేదు. "ఒకసారి వచ్చి నాన్న చెయ్యి పట్టుకుని చూడండి మాస్టారూ" అన్నాను. ఆదివారం వస్తామన్నారు.

ఫిబ్రవరి 23, ఆదివారం

వచ్చారు. నాన్న మంచం మీద దుప్పటి మార్పించాడు నాతో.

మాస్టారు రెండు వేళ్ళు ఫిస్టులా మీద పెట్టారు. వెంటనే తీసేశారు. మళ్ళీ పెట్టారు.

"లోపల ఏందమ్మా ఇది, పరిగెత్తుతుంది?"

"రక్తమండీ. రెండు నరాలు కలిపి కుట్టారు."

"ఎప్పుడూ ఇట్టాగే ఉంటదా?"

"ఉండాలండీ. ఆగితే సూది పెట్టడానికి చోటు లేదు."

మాస్టారు చాలాసేపు చెయ్యి వదల్లేదు. తర్వాత అన్నారు — "యాకోబూ, నేను తప్పు చెప్పా. ఇది మానే గాయం కాదు. నీకు తలది చాలు."

"ఎప్పటిదాకా అండీ?"

"ఇది ఉన్నంతకాలం."

"ఇది ఉన్నంతకాలమే కదండీ నేను ఉండేది."

మాస్టారు టీ తాగలేదు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో నాతో, "ఒప్పుకుంటాడులే" అన్నారు.

నాన్న సరేనన్నాడు. అన్నాడు.

ఫిబ్రవరి 24, సోమవారం

తలది మాత్రమే. మిషను అరవలేదు.

ఫిబ్రవరి 25, మంగళవారం

రిజిస్టరు మర్చిపోయి పదింటికి ఇంటికి వచ్చాను.

పెరట్లో, నీళ్ళ డ్రమ్ము వెనక, నాన్న. గోడకి ఆనుకుని నిద్రపోతున్నాడు. తల మీద ఏమీ లేదు. చేతికి కట్టి ఉంది. ఏడు చుట్లు. వేళ్ళు నల్లబడ్డాయి.

ఎప్పటినుంచి ఉందో ఆ కట్టు?

విప్పాను. లేచాడు. నా ముఖం చూడలేదు. "నిద్ర పట్టింది" అన్నాడు. కాగితం ప్రకారం తను చేసిన తప్పు అదొక్కటే అన్నట్టు.

వేళ్ళు పెట్టాను. లేదు. లేదు... తర్వాత, చాలా దూరంగా, ఉంది.

అంగన్‌వాడీకి మళ్ళీ వెళ్ళలేదు. పిల్లలకి ఆయా గుడ్లు పెట్టింది.

ఫిబ్రవరి 26, బుధవారం

రమ్యకి చెప్పేశాను. నాన్న మిషను మీద ఉండగా, కారిడార్‌లో. అంతా.

తిట్టలేదు ఈమె కూడా. "ఎంతసేపు కడతారు?" అంది.

"నలభై నిమిషాలు. నిన్న ఎంతసేపో తెలియదు."

"గడ్డకట్టడానికి అంతసేపు అక్కర్లేదు ఎస్తేరు గారూ."

"ఒక్క నిమిషమైతే? వదులుగా?"

"నన్నడక్కండి. నేను వద్దనే చెప్తా." లోపలికి వెళ్ళి, మళ్ళీ వచ్చింది. "మా అమ్మమ్మకి మోకాళ్ళు పోయాయి. కొండ మెట్లెక్కొద్దని చెప్పాం. నాకు తెలియకుండా ఎక్కొచ్చింది." అంతే అంది.

ఫిబ్రవరి 27, గురువారం

వద్దంటే డ్రమ్ము వెనక కడతాడు. నేను ఇంట్లో లేని రోజు నిద్రపోతాడు. పెట్టెలు దాచేయమన్నాడు మా ఆయన. "దాచి చూడు, మనిషి లేస్తాడా మంచం మీంచి" అన్నాను.

కాగితం మేకు మీంచి తీసి మళ్ళీ చదివాను. రెండూ కలిసి ఉంటే ముందు తలది తీయాలి. చేతిది ఒక్కటే ఉంటే? చేతిది కట్టి, ష్మా మొదటి వాక్యం ఒక్కటి చెప్పి, తీసేసి — అప్పుడు తలది పెట్టుకుని ఆఖరుదాకా ఉంచుకుంటే? అప్పుడు క్రమం తప్పదు. తప్పదనే అనుకుంటున్నా. మాస్టారికి ఫోన్ చేశాను. ఎత్తలేదు.

నాన్నతో చెప్పాను. చుట్లు ఉండవు. బిగింపు నేను చూస్తా. నా వేలు కింద ఉంటది. నేను నాన్నా అనగానే తీయాలి.

"నువ్వు హారన్‌వా?" అన్నాడు.

"అవును."

"సరే" అన్నాడు. ఈ సరే ఏ సరేనో.

ఫిబ్రవరి 28, శుక్రవారం

మా యూదు పంచాంగంలో కొత్త నెల మొదటి రోజు. ఇలాంటి రోజు అదనపు ప్రార్థనకి ముందే తీసేయాలి. తొందరగా అయిపోతుందని చిన్నప్పుడు అనుకునేదాన్ని. కానీ కీర్తనలు కలుస్తాయి, మొత్తం కలిపితే అంతే.

ఆరున్నరకి కట్టాను. నేనే. పెట్టె కండ మీద, పట్టీ వదులుగా, మిగతా తోలు నా భుజం మీద వేసుకున్నాను. నాన్న ఎడమ చెయ్యి నా ఒళ్ళో. రెండు వేళ్ళు ఫిస్టులా మీద. జుమ్మంటోంది.

నాన్న కుడిచేత్తో కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు. ఊపిరి పీల్చి, మళ్ళీ. ఇంత నెమ్మదిగా చెప్పగా ఎప్పుడూ వినలేదు. ఇరవై ఏళ్ళలో మింగేసిన మాటలన్నీ ఒక్కొక్కటీ బయటికి తీసి పెడుతున్నట్టు. ఒక వాక్యం అయింది. ఆగుతాడనుకున్నాను. రెండోది ఎత్తుకున్నాడు.

"నాన్నా" అన్నాను.

చెయ్యి కళ్ళ మీంచి తీయలేదు. చూపుడు వేలు మాత్రం లేచింది. ఒక్క నిమిషం అన్నట్టు.

బయట మా ఆయన ఆటో స్టార్ట్ చేశాడు. హారన్ కొట్టాడు. రెండుసార్లు.

నాన్న గొంతు పెరగలేదు, తగ్గలేదు. నా చెయ్యి ముడి దగ్గరికి వెళ్ళి అక్కడే ఉంది. లాగితే వచ్చేస్తుంది. తల మీద ఏమీ లేదు ఇవాళ, ఏది ముందో ఏది తర్వాతో అడ్డం లేదు. లాగొచ్చు.

వేళ్ళ కింద ఇంకా కొట్టుకుంటోంది. ఫిస్టులాయో, నా వేళ్ళలో నా నాడో, తెలియడం లేదు.