ఒరగని బడి

అమ్మకు నీ కూతురు కున్థియా దండం. నేను బాగున్నాను, ఉద్యోగమూ ఉంది, బెంగ పెట్టుకోకు.

మాది సరస్సు నీళ్ళ మీద తేలే బడి కదా. పొద్దున నూడుల్స్ పడవ వస్తే పిల్లలంతా ఒకే కిటికీకి ఎగబడేవారు. బడి ఆ పక్కకి ఒరిగి పలకలు నీళ్ళలో పడేవి. నేను అరిస్తే, "మేమేం చెయ్యలేదు టీచరమ్మా, బడే వంగింది" అనేవారు. మొన్న ఒక పిల్ల కూడా పడబోయింది. ఇంకోసారి ఇలా జరిగితే నన్ను ఇంటికి పంపేస్తానని చెప్పి, హెడ్మాస్టరు వన్నక్ గారు ఒక్కటే అడిగారు. "పాఠం రాసుకొచ్చావు సరే. పిల్లలు ఎక్కడ కూర్చోవాలో రాసుకున్నావా?" నేను రాసుకోలేదు.

ఇప్పుడు పడవ వచ్చే వేళకే బొమ్మల పాఠం పెట్టాను. సగం మంది కిటికీ దగ్గర ఆ పడవనే గీస్తారు. మిగతా సగం ఎదుటి గోడ దగ్గర ఎక్కాలు చెబుతారు. నేను చప్పట్లు కొడితే అందరూ ఒకేసారి చోట్లు మారతారు. సంతకెళ్ళేటప్పుడు నువ్వు గుమ్మడికాయలు పడవకి రెండు పక్కలా సర్దుతావే, అలాగే సర్దాను. నిన్న బడి ఒరగలేదు. నూడుల్స్ అమ్మే చాన్నీ అత్త మాత్రం బేరం లేక, "పిల్లలకి ఆకలి కూడా మాన్పించావా తల్లీ?" అని సణుక్కుంటూ పోయింది.

చెల్లి దగ్గు తగ్గిందా? మన పడవకి తారు పూశారా? ఉప్పు చేపల ముద్ద ఒక జాడీ పంపించు. తాతయ్యకు నా దండాలు, చెల్లికి ముద్దులు.

అంచున కాస్త చోటు మిగిలింది. పోయిన కార్డులో అడిగిన బెత్తం పంపొద్దు. నాన్నని దానికి గాలం కట్టుకోమను.