గీతలు మెల్లగైన చోట

ఎల్లారెడ్డి, 2012

హరిచంద్ అన్నకు,

నా ఆటో వరిమడిలకు ఎందుకు దిగిందని అడిగినవ్. అండ్ల ఎవ్వరు లేకుండె, నాకు దెబ్బలు తాకలే. కామారెడ్డిల డాక్టర్ తలకు వైర్లు అంటించి, కండ్లు మూసుకొని పండుమన్నడు. తర్వాత కంప్యూటర్ల గీతలు చూపెట్టిండు.

"ఈడిదాక మెలకువతోని ఉన్నవ్. ఈడికెల్లి గీతలు మెల్లగైనయి, కునుకు పట్టింది" అన్నడు.

"లేదు సార్, ఫ్యాన్ చప్పుడు వినుకుంటనే ఉన్న" అన్న.

"చాలామందికి అట్లనే అనిపిస్తది" అన్నడు.

నాకేం సమజైతలేదన్నా. మడికాడ సుత మెలకువతోనే ఉన్ననని నీ మరదలుకు ఒట్టేసి చెప్పిన. గది అబద్ధమా? సోమవారం నుంచి బడిపిల్లలను ఎక్కించుకోవాలె. నువ్వొచ్చి ఆటో నడుపు, నేను పక్కన కూసుంట. నాకు కునుకు పడితే లేపకు. ఎప్పుడు పట్టిందో తర్వాత చెప్పు.

నీ తమ్ముడు