కుక్కర్ లేని రైలు వీడియో

మేడిపల్లి

జీవన్ బావా,

ఎవరన్న ఫోన్ జేస్తే రికార్డింగ్ కట్ అయితదని నువ్వు ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌ల వెట్టుకొని మిద్దె మీద కూసుంటివి. అందుకే ఈ కాలంల గూడ నేను కాయిదం మీద రాయవలసి వచ్చింది.

రైలు వీడియోలు మంచిగ రావాలంటే ఏం జెయ్యాలె అని నన్ను అడిగినవు. ఫోన్ అడ్డం వట్టు, స్టాండ్ కొను, పక్క సప్పుడు లేకుంట సూసుకో అన్న. ఇంజిన్ హారన్‌ల కుక్కర్ విజిల్ కలుస్తున్నది, రైలు పోయేదాంక పొయ్యి బంద్ వెట్టు అని మా అక్కకు జెప్పుమన్ననా? మీ మల్లాపూర్ ఇంటి ముంగట రైళ్లకు తక్కువేమున్నది బావా? ఇగ పప్పు ఎప్పుడు ఉడకాలె?

అక్క ఆ కుక్కర్‌నే సంచిల వేసుకొని మా ఇంటికొచ్చింది.

నీ కొత్త వీడియో సూసిన. సౌండ్ మస్తున్నది. కింద కామెంట్లల్ల మాత్రం అందరు ఒక్కటే అడుగుతున్నరు, అన్నా, కుక్కర్ ఏమైంది అని.

అక్కకు ఇంక కోపం పోలే. అయినా నీ వీడియోలు ఒక్కటి ఇడువకుంట సూస్తున్నది, సౌండ్ బంద్ వెట్టి. రైలు ఎటువోతే ఆమెకేంది, కండ్లన్ని మీ మిద్దె మీది దండెం మీదనే ఉంటయి. ఏ వీడియోల సూసినా అదే తువ్వాల అదే మూలకు ఏలాడుతున్నదట. "అసలు తానం జేస్తున్నడా ఈయన" అనుకుంట నిన్న అన్నం సగంల లేసింది.

ఆదివారం వచ్చి తోల్కపో. తానం జేసి రా.

నీ బామ్మర్ది